ముందు అత్తగారికి, ఆపైన ఏడో తరగతికి

ఏడో తరగతికి ఇంగ్లీషు చెప్పే ఆ టీచరమ్మకు ఒక అలవాటు ఉండేది. పిల్లలచేత ఏదైనా రాయించాలంటే, ఆ ప్రశ్నను ముందు ఇంట్లో అత్తగారి మీద ప్రయోగించాల్సిందే. ఆవిడకు ఇంగ్లీషు ముక్క రాదు. రాకపోతేనేం, కోడలు తెలుగులో అడిగేది.

"మీకు నచ్చిన కాలం ఏదత్తయ్యా?"

"ఏదైతే ఏంటే, ఉతికిన బట్టలు ఆరితే చాలు."

అంతే, ఆ ప్రశ్న చెత్తబుట్టలోకి! "మీరు చెయ్యని తప్పుకు ఎప్పుడైనా దెబ్బలు తిన్నారా?" అని అడిగితే మాత్రం, అత్తగారు చేతిలో పని పక్కన పడేసి, ఎప్పుడో పగిలిన అద్దం కథ ఎత్తుకునేది. పాపం, కొడుకు పిలిచి పిలిచి తనే వడ్డించుకుని తినేవాడు. మర్నాడు అదే ప్రశ్న బోర్డు మీద పడేది. గైడు చూసి అప్పజెప్పే పిల్లలు కూడా ఆ రోజు అడిగి మరీ ఇంకో కాగితం తీసుకునేవారు.

అంత మంచి టీచరమ్మకూ ఒక జబ్బుంది. తప్పు కంటబడితే దిద్దకుండా ఉండలేదు. ఎవరో పెళ్లికి పిలిస్తే శుభలేఖలో తప్పులు దిద్ది వెనక్కి పంపిందని స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ నవ్వుకుంటారు. అబద్ధమేమీ కాదు, నిజంగానే పంపింది.

అలాంటి ఇంట్లో అత్తగారికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి గానీ, మాటే తడబడింది. "మాట తిరిగొస్తుందమ్మా. కానీ రోజూ మాట్లాడించాలి. ఆవిడ ఊరుకుందని మీరూ ఊరుకుంటే మాత్రం ఇక ఆశ వదులుకోవాల్సిందే" అని డాక్టరు చెప్పాడు.

మొదట్లో ఆవిడ మాట్లాడింది కూడా. దిండు కావాలనుకుని గొడుగు అడిగింది. టీచరమ్మ మంచం పక్కన కూర్చుని, "గొడుగు కాదత్తయ్యా, దిండు. ఏదీ, నెమ్మదిగా అనండి, దిం... డు" అంది. సరిగ్గా పలికేదాకా వదల్లేదు. ప్రేమతోనే లెండి, కాదని ఎవరంటారు? కానీ ఆ తర్వాత్తర్వాత అత్తగారు నోరు తెరవడమే మానేసింది. ఏం కావాలన్నా వేలు చూపించడం, లేదంటే గోడవైపు తిరిగి పడుకోవడం. జబ్బు ముదిరిందని కొడుకు కుమిలిపోయాడు. టీచరమ్మకైతే ఇల్లంతా బావురుమన్నట్టుండేది.

చివరికి ఏమీ పాలుపోక, క్లాసులో బోర్డు మీద ఇలా రాసింది: మాట్లాడటం మానేసిన మనిషిని మాట్లాడించడానికి ఒక ప్రశ్న రాయండి. ఆ ప్రశ్నే ఎందుకో కూడా రాయండి.

"మా తాతయ్య మాటలు ఆపే ప్రశ్న రాయొచ్చా మేడం?" అన్నాడొకడు. క్లాసంతా గొల్లుమంది.

ఆ సాయంత్రం కాగితాల కట్ట పట్టుకుని అత్తగారి పక్కన కూర్చుంది. మీకు ఏ హీరో ఇష్టం? మీకు రెక్కలొస్తే ఎక్కడికి ఎగిరిపోతారు? ఒక్కొక్కటే తెలుగులో చదివి వినిపించింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గోడవైపు తిరిగిన మనిషి తిరిగినట్టే ఉంది.

అడుగున ఉన్న కాగితం వెనక బెంచీ పిల్లది. ఏడాదంతా క్లాసులో పెదవి విప్పని పిల్ల. ప్రోగ్రెస్ కార్డులో "అడిగినా పలకదు" అని టీచరమ్మే రాసింది. కాగితం నిండా తప్పులు. ఎర్ర పెన్ను దాని పని అది చేసుకుపోతూ రెండు స్పెల్లింగులు దిద్దేసింది కూడా. అప్పుడు గానీ రాసిందేమిటో ఆవిడ బుర్రకెక్కలేదు.

"మీరు తప్పు మాట్లాడితే పక్కనున్నవాళ్లు వెంటనే దిద్దుతారని భయమా?" కింద కారణం కూడా రాసింది: "ఎందుకంటే, నాకూ అదే భయం."

టీచరమ్మ ఎర్ర పెన్నుకు మూత పెట్టేసింది. ఆ కాగితం పక్కన పెట్టేస్తే అడిగేవాళ్లెవరూ లేరు. అయినా ఉన్నదున్నట్టు అడిగింది.

అత్తగారు మెల్లగా ఇటు తిరిగింది.

"అవునే" అంది.

టీచరమ్మకు ఏడుపు ఆగలేదు. "తప్పైపోయిందత్తయ్యా. ఇక దిద్దను, ఒట్టు" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లకు కూడా ఈ మాటే చెప్పాలనుకుంది.

అత్తగారు పెదాలు తడుపుకుని, కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. "మా పిన్ని... ఒకరోజు... ఎర్ర రైలు కట్టుకుని వచ్చింది."

తల్లి గొంతు వినగానే కొడుకు వంటింట్లోంచి పరుగున వచ్చాడు. "రైలేంటమ్మా? చీర కదూ?"

"మీరు కాస్త నోరు మూసుకుంటారా!" అని టీచరమ్మ కసిరింది. తర్వాత కళ్లు తుడుచుకుని అత్తగారి దగ్గరికి జరిగింది.

"మీరు చెప్పండత్తయ్యా. ఎర్ర రైలు కట్టుకుని వచ్చి?"