వినేదాకా లేని మైల

మొన్న చిక్కబళ్ళాపురంలో మనవరాలి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆ పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని ఆఫీసువాళ్ళతో మాట్లాడుతూ, కాఫీ లోటా పట్టుకుని అటుగా పోతున్న నన్ను ఆపి, ఈమె మనీలానుంచి మాతో పనిచేస్తుంది తాతా, ఒకసారి పలకరించు అంది. తెరమీద ఓ నవ్వుముఖం అమ్మాయి చేతులు జోడించింది. ఈ వయసులో నోరు ఊరుకోదు కదా, నువ్వు ఇలొకానోవా అమ్మా అని అడిగేశాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. తను కాదట, తల్లి వైపువాళ్ళట. మా దేశం పేరు తెలిసినవాళ్ళే తక్కువ, మా ఉత్తరాదివాళ్ళ భాష పేరు మీకెలా తెలుసు అంది. ఎప్పుడో ఎవరో చెప్పారని గొణిగి, కాఫీ చల్లారిపోతోందన్న వంకతో వంటింట్లోకి వచ్చేశాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి అది. నా ఈడువాళ్ళు మీరైతే కనీసం నన్ను తిట్టడానికైనా అర్థం చేసుకుంటారు.

అప్పట్లో నేను రేష్మె ఇలాఖాలో, అంటే పట్టుపరిశ్రమ శాఖలో, కిందిస్థాయి ఉద్యోగిని. బాగేపల్లి, గుడిబండె, చింతామణి చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిలు మీద తిరిగి, పట్టుపురుగుల్ని ఎలా సాకాలో రైతులకు చెప్పడం నా పని. పురుగుల ఇంట్లోకి పరాయివాళ్ళు రాకూడదని, దిష్టి తగులుతుందని, మైలవాళ్ళు తాకితే పంట పోతుందని వాళ్ళంటే, అవన్నీ ఒట్టి మాటలు, రోగం వచ్చేది శుభ్రత లేక అని అరుగులమీద నిలబడి ఉపన్యాసాలు దంచేవాణ్ణి. కాపురం దిబ్బూరహళ్ళిలో. ఇంటివెనక మాకూ ఓ పురుగుల ఇల్లు ఉండేది, దానికి యజమానురాలు మా అమ్మ.

ఒక ఏడు బయటిదేశాలనుంచి ఈ విద్య నేర్చుకోవడానికి కొందరు వచ్చారు. వాళ్ళలో ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకతె, హాస్టల్లో పాఠాలు చాలు, రైతు ఇంట్లో ఉండి ఒక పంట మొదట్నుంచి చివరిదాకా చేస్తానని పట్టుబడితే, పైవాళ్ళు ఆమెను మా ఇంట్లో పెట్టారు. వచ్చిన రోజే వంగి, మా అమ్మ కుడిచేతిని పట్టుకుని తన నుదుటికి ఆనించుకుంది. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళ దీవెన అలా తీసుకుంటారట. మా అమ్మ బెదిరి చెయ్యి లాక్కోబోయింది కానీ, వారం తిరిగేసరికి పొద్దున్నే ఆ పిల్ల లేచి వచ్చేదాకా చెయ్యి ఖాళీగా పెట్టుకుని కూర్చునేది. రాగిముద్దను ఆ పిల్ల నమిలితే, నమలకూడదు మింగాలని అమ్మ తను మింగి చూపించేది. ఆమె అమ్మను అపోంగ్ అని పిలిచేది. వాళ్ళ ఇలొకానో భాషలో అమ్మమ్మకైనా నానమ్మకైనా అదే మాట.

మల్బరీ ఆకు కోస్తున్నప్పుడు చాలా కబుర్లు చెప్పేది. వాళ్ళది వేల దీవుల దేశమట, దీవికో భాషట. ముందు స్పెయిన్‌వాళ్ళు, తర్వాత అమెరికావాళ్ళు ఏలినందువల్ల, బడిలో ఎవరెవరి పద్యాలో అప్పజెప్పించారు తప్ప, ఇంటి భాషలో నోరు విప్పితే టీచర్లు ఊరుకునేవారు కాదట. మేమూ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఫైళ్ళలో ఇంగ్లీషు అని నేను నవ్వితే, ఆమె నవ్వలేదు.

"దేశభక్తి గీతం ఒక భాషలో పాడతాం, పరీక్ష ఇంకో భాషలో రాస్తాం. ఏడుపు మాత్రం అమ్మమ్మ భాషలోనే వస్తుంది," అంది.

ఆమె అమ్మమ్మకు చదువు లేదు కానీ, ఆ చుట్టుపక్కల చావు జరిగితే ముందు ఆమెనే పిలిచేవారట. శవం పక్కన కూర్చుని, చనిపోయినవాళ్ళ బతుకంతా, వాళ్ళు నాటిన చెట్లతో సహా, రాగం తీసి చెప్పి సాగనంపడం వాళ్ళ ఆచారం. దాన్ని దుంగావ్ అంటారట. మన పల్లెల్లో ఆడవాళ్ళు రాగాలు తీసి ఏడ్చేది వినే కదా మనమూ పెరిగాం. వాళ్ళ దేశంలో చదువుకున్నవాళ్ళు అది మోటు అని సిగ్గుపడతారని, తనకు మాత్రం తన జాతి కావ్యం అదేననిపిస్తుందని, అమ్మమ్మ పాటలన్నీ నోటుబుక్కులో రాసుకున్నానని చెప్పింది. తను పోయినప్పుడు మట్టిలో పెట్టేలోపు నువ్వే పాడాలని ఆ ముసలామె మనవరాలి దగ్గర మాట తీసుకుందట. దూరంగా ఉంటే, ఉన్నచోటే కూర్చుని పాడాలట. మట్టిలో పెట్టాక పాడకూడదట.

నాలుగో జ్వరం, అంటే పురుగులు మేత మాని కుబుసం విడిచే నాలుగో నిద్ర, దాటి, రేపో ఎల్లుండో గూడు కడతాయనగా, ఓ గురువారం తాలూకా ఆఫీసులో ఆమె పేర వచ్చిన తంతి నా చేతికిచ్చారు. అమ్మమ్మ చనిపోయింది, ఆదివారం ఖననం అని రెండు ముక్కలు.

సైకిలు దిగి ముందు అమ్మకే చెప్పాను. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత పురుగుల ఇంటివైపు చూసింది. లోపల ఆ పిల్ల తట్టల్లో ఆకు వేస్తోంది.

"ఇప్పుడు చెప్పొద్దప్పా. పురుగు పండుకొస్తాండాది. వినేదాంకా మైల యాడుండాది?" అంది.

చావుకబురు చెవినపడ్డాకే మైల మొదలవుతుందని మా వైపు లెక్క. చెబితే ఆ పిల్ల పురుగుల్ని తాకకూడదు, ఆమె ఉన్న ఇంట్లోవాళ్ళమూ తాకకూడదు. అంతకుముందు రెండు పంటలు పాడైపోయాయి. సోమవారం బెంగళూరునుంచి పై అధికారులు ఈ పంట చూడటానికి వస్తున్నారు. ఊరూరా ఉపన్యాసాలు దంచిన నేను, ఒక్క మాటతో అమ్మకు ఎదురు చెప్పగలిగిన నేను, తంతిని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అమ్మది భయం. నాది నలుగురిలో పేరు పోతుందన్న దిగులు. ఆ రెండూ ఒకటి కావు.

శుక్రవారం, శనివారం, ఆదివారం. పండిన పురుగుల్ని ఏరి చంద్రికల మీద, అంటే వెదురు తడకల మీద, వదలడానికి ఇల్లంతా చేతులు కలిపింది. ఆదివారం పొద్దున ఆ పిల్ల మంచి హుషారులో ఉండి, వాళ్ళ అమ్మమ్మ వరినాట్లప్పుడు పాడే పాటొకటి మా అమ్మకు నేర్పింది. అమ్మ నోట ఆ మాటలు వంకరపోతుంటే ఆమె పడీపడీ నవ్వింది. అమ్మ కూడా పాడుతూనే ఉంది, కళ్ళు మాత్రం చంద్రిక మీదనుంచి ఎత్తలేదు. నేను ఆకు తెచ్చే నెపంతో తోటలోకి పోయి నిలబడ్డాను.

సోమవారం తెల్లవారాక తంతి ఇచ్చాను. ఆమె చదివింది, పైనున్న తేదీ చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అమ్మ చెప్పొద్దందని, మా ఆచారం ఇదని ఇంగ్లీషులో ఏదేదో చెప్పాను. పక్కనే నిలబడ్డ అమ్మకు ఇంగ్లీషు రాదు కనుక, తప్పంతా తన నెత్తిన వేస్తున్నానని ఆమెకు తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడ్చినా, తిట్టినా బాగుండేది.

"నిన్న పొద్దున నేను నవ్వుతున్నాను కదా," అని మాత్రం అంది.

పంట బ్రహ్మాండంగా వచ్చిందని అధికారులు మెచ్చుకున్నారు, ఆమెను చంద్రిక పక్కన నిలబెట్టి ఫోటో కూడా తీసుకున్నారు. ఆమె నోటుబుక్కు మళ్ళీ తెరవడం నేను చూడలేదు. చింతామణిలో బెంగళూరు బస్సెక్కే రోజున కూడా మా అమ్మ చేతిని నుదుటికి ఆనించుకునే వెళ్ళింది. ఆ తర్వాత, అపోంగ్ ఎలా ఉందని అడుగుతూ రెండు ఉత్తరాలు రాసింది. ఒకదానికే జవాబిచ్చాను.

అమ్మ మరో పదేళ్ళు బతికింది. చివరి రోజుల్లో, మంచం మీదనుంచి నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నేను పొయ్యేటప్పుడు పురుగు యాడుండినా సరే, అందరికీ చెప్పప్పా. ఆ పాపకి గూడా."

అమ్మ పోయిన రోజున మా ఇంట్లో పురుగులు సరిగ్గా గూడెక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. నేను ఊళ్ళో ఎవరి దగ్గరా దాచలేదు. చుట్టాలందరికీ కబురు పంపాను, ఇల్లంతా ఏడుపులు, మైలలో ఉన్న చేతులతోనే మేం పురుగుల్ని ఏరి చంద్రికల మీద వదిలాం. ఏ ఆటంకమూ లేకుండా గూళ్ళు కట్టాయి. ఆ ఏడాదంతటికీ మంచి పంట అదే. ఆ తెల్లటి గూళ్ళ ముందు నిలబడి, ఆ మూడు రోజులు నేను కాపాడింది ఏమిటా అని కుమిలిపోయాను.

రాగం తీసి మా అమ్మ బతుకు చెప్పగల ఆడవాళ్ళు అప్పటికే ఊళ్ళో మిగల్లేదు. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, కాసేపు కూర్చున్నారు, బస్సు వేళకు లేచారు. ఇప్పుడు పురుగుల ఇళ్ళలో మైల అడిగేవాళ్ళు లేరు, చావుకబురు దాచగలిగే మొనగాడూ లేడు. ప్రాణం పోయిన క్షణానికే ఫోన్లలో ఫోటో, దండ, దీపం వచ్చేస్తాయి. మంచిదే. నాలాంటివాళ్ళ చేతికి ఆ అధికారం లేకపోవడమే మంచిది. పేరు చెబితే ఏ దీవిలో ఉన్న మనిషినైనా నిమిషంలో వెతికిపెడతారట. ఆమె పేరు నాకు గుర్తుంది. ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియక, మా అమ్మ పోయిందని ఆ అమ్మాయికి నేను ఈరోజుకీ చెప్పలేదు.