చుక్కల మేస్త్రికి అంతుపట్టని స్టీరింగ్

అయినా మీరే చెప్పండి, నలభై ఏళ్ళు ఒకే పని చేసిన మనిషి తన చేతి గుర్తు తానే చూసి, ‘ఇదేంటిరా బాబూ’ అని బుర్ర గోక్కుంటే ఏమనుకోవాలి? విన్నవాళ్ళంతా నవ్వారు. చుక్కల మేస్త్రి మాత్రం నవ్వలేదు. పాత టాక్సీలో డ్రైవరు సీటు మీద కూర్చుని, పళ్ళ మధ్య పెట్టుకున్న స్క్రూని తీయడం కూడా మరిచిపోయి, స్టీరింగ్ నడిబొడ్డు వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ముందు ఆయనకా పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. పాత కార్లలో స్టీరింగ్ చక్రం ఒక ఇనప రాడ్డు మీద కూర్చుంటుంది. రాడ్డు తలకి సన్నటి పళ్ళుంటాయి, పైన ఒక నట్టు. చక్రాన్ని విప్పి మళ్ళీ పెట్టేటప్పుడు ఒక్క పన్ను తేడా వచ్చిందా, కారు తిన్నగా పోతుంటే చక్రం పక్కకి చూస్తుంటుంది. మేస్త్రి పని నేర్చుకునే రోజుల్లో ఒక డాక్టరు గారి కారుకి అలాగే బిగించాడు. పాపం ఆ డాక్టరు మూడు రోజులు మెడ వంచుకుని కారు నడిపి, మెడ పట్టిందనుకుని తన మందు తానే మింగాడట! గురువుగారు పదిమందిలో చెడామడా తిట్టాడు. అప్పటి నుంచి మేస్త్రి ఏ స్టీరింగ్ విప్పబోయినా ముందు పంచ్ పెట్టి సుత్తితో రెండు చుక్కలు కొడతాడు. రాడ్డు తల మీద ఒకటి, దానికి ఎదురుగా చక్రం మీద ఒకటి. ఎన్నిసార్లు విప్పితే అన్ని జతలు.

మిగతా మెకానిక్కులు సుద్దతో గీత గీస్తారు. “సుద్ద చెరిగిపోద్ది, మనిషి మాట మారిపోద్ది, ఇనుము మీద చుక్క ఎటూ పోదు” అంటాడు ఈయన. ఇంట్లో వంటింటి డబ్బాలకి, మూతలకి కూడా చుక్కలు కొట్టాడు. చుక్కా చుక్కా కలిస్తేనే మూత పడుతుంది. వాళ్ళావిడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుని ఏడుస్తుంది.

ఇంకో సంగతి. మేస్త్రి నోట ‘తెలియదు’ అన్న మాట ఎవరూ వినలేదు. తెలియకపోతే “చూస్తే చెప్తా” అనేవాడు. చూసేవాడు, చెప్పేవాడు.

ఇక ఆ టాక్సీ. దాన్ని ముప్పై ఏళ్ళు నడిపిన పెద్దాయన పోయి రెండేళ్ళయింది. ఆయనకిద్దరు పిల్లలు. పెద్దది ఆసుపత్రిలో నర్సు. చిన్నవాడు బడి పిల్లల వ్యాన్ నడుపుతాడు. పంపకాల్లో తమ్ముడికి కారొచ్చింది, అక్కకి బీరువా వచ్చింది. ఆదివారాలు పెళ్ళాం పిల్లల్ని ఆ కార్లో తిప్పుదామని తమ్ముడి సరదా. కానీ స్టీరింగ్ చుట్టూ ఉన్న పాత గట్టి ప్లాస్టిక్కు నాలుగుచోట్ల పగిలి, మలుపు తిప్పినప్పుడల్లా అరచేతిని గిల్లుతోంది. అందుకని చిన్నది, తోలు చుట్టినది, కొత్త స్టీరింగ్ ఒకటి తెచ్చి వెనక సీట్లో పెట్టాడు. అక్కకి తెలిసింది. డ్యూటీ బట్టల్లోనే వచ్చి కారు షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మేస్త్రికి కబురు వెళ్ళింది.

“ఇదిగో చూడు బాబాయ్” అని ఆమె చక్రానికి ఎడమవైపు ఒక గాటు మీద వేలు పెట్టింది. “నాన్న ఉంగరం రాసుకుని రాసుకుని పడింది. దీన్ని తీసేసి ఆ బొమ్మకారు చక్రం పెడతాడంట వీడు.”

“బొమ్మకారేంటక్కా? నువ్వు ఒక్కసారి తిప్పి చూడు, చెయ్యి ఎలా గిల్లుతుందో.”

“నాన్నని ముప్పై ఏళ్ళు గిల్లలేదు, నిన్ను గిల్లిందా?”

“నాన్న చెయ్యి చెయ్యా అది? చెక్క! అయినా నీకు బీరువా వచ్చిందిగా, దాన్ని చూసుకో.”

“బీరువా మీద నాన్న చెయ్యి ఎక్కడ పడిందిరా? అందులో ఆయనవి రెండు చొక్కాలుండేవి. తీసేదీ పెట్టేదీ అమ్మే.”

ఇలా కాదని చివరికి తమ్ముడే ఒక ఒప్పందం పెట్టాడు. కారుతో పాటు వచ్చిన అసలు స్టీరింగే అయితే ఉంచేద్దాం, గిల్లినా సరే. మధ్యలో ఎప్పుడో ఎవరో వేసిందైతే తీసేద్దాం, అక్క ఇక మాట్లాడకూడదు. “బాబాయ్ మాటే మాట. ఈ కారు మీద ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదుగా” అన్నాడు.

అక్క సరేనంది. సరేనన్నప్పుడు ఆ చెయ్యి గాటు మీదే ఉంది.

మేస్త్రి ధీమాగా నవ్వాడు. “దీనికి పంచాయితీ దేనికి? ఈ స్టీరింగ్ నేను ఒక్కసారే విప్పాను. అదీ హారన్ మూగబోతే. అసలుదే ఇది.”

“చూసి చెప్పు బాబాయ్. చుక్కలుంటాయిగా” అన్నాడు తమ్ముడు.

మేస్త్రి హారన్ మూత తీశాడు. నట్టు విప్పాడు. పాత గ్రీజు గుడ్డతో తుడిచాడు. చక్రం మీద ఒక చుక్క ఉంది. రాడ్డు తల మీద రెండున్నాయి.

ఒక్కసారి విప్పితే దాని మీదొకటి, దీని మీదొకటి ఉండాలి. రెండుసార్లు విప్పితే రెండూ రెండూ ఉండాలి. ఈ రెండూ ఒకటీ ఏమిటి? చక్రం మధ్యలో మారి ఉంటే పాతది తన చుక్కతోనే పోతుంది, చక్రం మీద చుక్క తగ్గుతుంది. నిజమే. కానీ రాడ్డే మారి ఉంటే? పారేసే రాడ్డుకి జత చుక్క కొట్టే పనిలేదు, కాబట్టి అప్పుడు చక్రం మీద చుక్క పెరగదు. మేస్త్రి విప్పిన వేరే పాత బండి నుంచి రాడ్డు తెచ్చి వేసి ఉంటే, అది తన చుక్క తనతో తెచ్చుకుంటుంది, రాడ్డు మీద చుక్క ఎక్కువవుతుంది. అదీ నిజమే. ఎటు నుంచి చూసినా రాడ్డు మీద రెండు, చక్రం మీద ఒకటే వస్తున్నాయి. మారింది చక్రమా, రాడ్డా? ఏది మారినా మార్చింది తానే. అలాంటి చుక్కలు ఇంకెవరూ కొట్టరు. మరి ఎప్పుడు మార్చాడు? ఎందుకు మార్చాడు? బుర్రలో ఎంత వెతికినా ఒక్క ముక్క దొరకలేదు.

“ఏంటి బాబాయ్, కళ్ళజోడు మర్చిపోయావా?”

“ముక్కు మీదే ఉందిరా.”

“మరి?”

“రేపు చెప్తా” అని నట్టు బిగించేసి, స్క్రూ పళ్ళ మధ్యే పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు మేస్త్రి.

వాళ్ళావిడ గడప దగ్గర కూర్చుని ఆయన చొక్కాకి గుండీ కుడుతోంది. మొహం చూసి, “ఏమయ్యా, నోట్లో ఆ మేకేంటి?” అంది. తీసి జేబులో వేసుకుని, జరిగింది చెప్పాడు.

ఆవిడ దారం కొరికి తుంపింది. “గోడకి గుద్దినప్పుడు చేసుంటావు.”

“ఏ గోడ?”

“మిల్లు గోడయ్యా! తెల్లారగట్ట నిద్ర ముంచుకొచ్చి, ఆ టాక్సీ అన్నయ్య బండిని తీసుకెళ్ళి గోడకి కొట్టలా? గుండె పట్టుకుని వచ్చి మనింట్లో మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. వేడినీళ్ళు ఇచ్చింది నేనేగా. ‘మా ఇంట్లో చెప్పకమ్మా, మెట్ల మీంచి పడ్డానని చెప్తాను, గోడకి కొట్టానంటే మా ఆవిడ ఇక బండి ముట్టనివ్వదు’ అని బతిమాలాడు. నీ చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. నువ్వు షెడ్డు తలుపులు మూసి మూడు రోజులు పనిచేశావు.”

మేస్త్రి అలాగే గోడకి చేరగిలబడ్డాడు. నిజమే. గోడ, ఒట్టు, మూసిన తలుపులు, ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఎవరికీ చెప్పకూడదన్న మాటని ఎంత లోపల దాచాడంటే, ఆఖరికి తనకే దొరకలేదు.

“మరి ఏం మార్చానే?”

“నన్నడిగితే? బండికి ముందేదో వెనకేదో కూడా తెలీదు నాకు. తీసిందేదో దుప్పట్లో చుట్టి, సైకిల్ మీద మా చెల్లెలి మొగుడి పాతసామాన్ల కొట్టుకి పట్టుకెళ్ళావు.”

“పొడుగ్గా ఉందా? గుండ్రంగా ఉందా?”

“దుప్పటిలా ఉంది.”

“అదికాదే, మోసుకెళ్ళేటప్పుడు—”

“ఆ దుప్పటి తిరిగి తెచ్చావా అసలు? మా అమ్మ ఇచ్చింది అది.”

ఇక ఆవిడతో లాభం లేదు. అన్నం కలుపుతూ కూడా అదే ఆలోచన. గోడకి గుద్దితే ఛాతీ తగిలి చక్రమైనా విరగొచ్చు. ఆ దెబ్బకి రాడ్డయినా వంగొచ్చు. చక్రమే విరిగుంటే, ఇది అసలుది కాదు, అక్క దాన్ని వదులుకోవాలి. ఎందుకు మార్చావంటే గోడ సంగతి చెప్పాలి. చచ్చిపోయిన మనిషికి వేసిన ఒట్టు తెగినట్టా, ఇంకా ఉన్నట్టా? పోనీ అసలుదే అని ఒక్క మాట అనేస్తే? తమ్ముడు నమ్ముతాడు, అక్క సంతోషిస్తుంది. కానీ చూడకుండా చెప్పిన మాట అవుతుంది. అలాంటిది ఇన్నేళ్ళలో ఒక్కటీ చెప్పలేదాయన. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

మర్నాడు వెళ్ళేసరికి తమ్ముడు కొత్త స్టీరింగ్‌ని అట్టపెట్టెలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క కారులోనే ఉంది, డ్రైవరు సీట్లో.

“చెప్పు బాబాయ్. అసలుదేనా?”

మేస్త్రి సంచి కింద పెట్టాడు. “తెలియదురా.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“తెలియదంటే కాదనా?” అంది అక్క.

“కాదని కాదమ్మా.”

“అయితే అవుననా?”

“అవుననీ కాదు.”

“బాబాయ్, నీకు ఒంట్లో బాగానే ఉందా?” అన్నాడు తమ్ముడు. “మా అక్కకి చెయ్యి చూపించు, నాడి చూస్తుంది.”

“నా నాడికేం రోగం! పాతదేదో నేనే తీసి మా తోడల్లుడి కొట్లో పడేశాను. వాడు పట్టుకున్న ఇనుము వదలడు, ఇంకా అక్కడే ఉంటుంది. చూసొస్తే తేలిపోద్ది. అక్కడ రాడ్డుంటే ఇది అసలుది. చక్రముంటే కాదు. అప్పటిదాకా దీని జోలికి పోవద్దు.”

తమ్ముడికి వ్యాన్ వేళయింది. “ఎప్పుడెళ్తావు?” అన్నాడు. ఎల్లుండి అన్నాడు మేస్త్రి. తమ్ముడు కొత్త చక్రాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టి, పెట్టెని కారులో వేసి వెళ్ళిపోయాడు.

చేతులు ఊరికే ఉంచుకోలేక మేస్త్రి పగుళ్ళలో లప్పం కూరడం మొదలుపెట్టాడు. ఆరాక పైన గట్టి దారం చుడితే కొన్నాళ్ళు గిల్లదు. అక్క పక్క సీట్లోకి జరిగి కూర్చుని చూస్తోంది.

“బాబాయ్, నా చిన్నప్పుడు నాన్న మెట్ల మీంచి పడ్డాడు తెలుసా?”

మేస్త్రి వేలు లప్పంలోనే ఆగిపోయింది.

“ఛాతీ మీద ఇంత గుండ్రంగా కమిలింది. నర్సునయ్యాక మెట్ల మీంచి పడ్డవాళ్ళని వందమందిని చూశాను. ఒక్కళ్ళకీ అలా గుండ్రంగా కమల్లేదు.” గాటు మీద వేలు పెట్టి, “నాన్న నా దగ్గర ఏదీ దాచేవాడు కాదు” అంది.

ఆ మాట అడిగినట్టో, చెప్పినట్టో మేస్త్రికి బోధపడలేదు. ఈమెకి తెలుసా? తెలిస్తే నన్నెందుకు చెప్పమంటోంది? తెలియకపోతే ఇప్పుడెందుకు ఎత్తింది? “లప్పం ఆరాలమ్మా” అన్నాడు.

“ఆరనీ. కొట్టుకి కూడా తొందరేం లేదు బాబాయ్, వీలు చూసుకునే వెళ్ళు” అంది ఆమె. ఆ తొందరలేదన్నది ‘వెళ్ళు’ అనా, ‘వెళ్ళకు’ అనా? అదీ బోధపడలేదు.

ఎల్లుండి నిజంగానే బయల్దేరాడు. బస్సొచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, “పాతసామాన్ల వీధికి పోద్దా?” అని అడిగాడు, పోతుందని ఎప్పటి నుంచో తెలిసినా. “ఎక్కుతావా, దిగుతావా పెద్దాయనా?” అన్నాడు కండక్టరు. దిగాడు.

ఆ తర్వాత వారం వీధి మొగదాకా వెళ్ళాడు. తోడల్లుడు కొట్టు ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. వెనక కప్పు నుంచి రాడ్లూ వేలాడుతున్నాయి, చక్రాలూ వేలాడుతున్నాయి. అంత దూరం నుంచి ఏది ఏదో పోల్చలేకపోయాడు. దగ్గరికి వెళ్తే పోల్చగలడు, చేతికి తీసుకుంటే చాలు. ఎదురుగా టీ కొట్లో కూర్చుని రెండు టీలు తాగి, తోడల్లుడు పేపరు దించేలోపు తిరిగి వచ్చేశాడు.

తమ్ముడు వ్యాన్ ఆపి అడిగాడు, “వెళ్ళావా బాబాయ్?” అని.

“వెళ్ళానురా. లోపలికి వెళ్ళలేదు.”

“అదేం వెళ్ళడం?”

“అదే నాకూ తెలియట్లేదు. ఆదివారం పోతాలే, గట్టిగా.”

ఆ ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, సంచి పట్టుకుని గుమ్మం దిగాడు. వాళ్ళావిడ వాకిలి తుడుస్తూ తలెత్తింది.

“ఆదివారం మా చెల్లెలి మొగుడు కొట్టు తీయడు కదయ్యా?”

మేస్త్రి సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“మూసుంటే బయట నుంచే చూసొస్తాలే” అన్నాడు.