చీర మూలన తీసిన ముక్క

మా కాలేజీ ల్యాబులో కత్తెర కోయదు, నములుతుంది. కొత్తది కావాలని ఏటా రాసిస్తాను. ప్రిన్సిపాల్ గారు ఏటా సంతకం పెడతారు. కత్తెర మాత్రం రాదు.

సిద్దిపేటలో నా చేతికిందున్న యంత్రం పని సులువైనదే. చిటికెడు నమూనాను వేడి చేస్తూ, కాలేకొద్దీ ఎంత బరువు తగ్గిందో గీత గీస్తుంది. నూలైతే మూడువందల యాభై డిగ్రీల దగ్గర గీత ఒక్కసారి జారుతుంది. పాలిస్టర్ కలిస్తే నాలుగువందలు దాటాక ఇంకో మెట్టు దిగుతుంది.

ఒక మధ్యాహ్నం చేనేత సంఘం కార్యదర్శి ఒక చీరనూ, దాన్ని నేసిన ముసలాయననూ వెంటబెట్టుకొచ్చాడు. నూలులో పాలిస్టర్ కలిపాడని ఫిర్యాదట. నిజమని తేలితే సంఘంలో పేరు కొట్టేస్తారు, ముసలాయన మగ్గం ఆగిపోతుంది. ఆయన వాదించలేదు. కొత్త చీరను నడుమ కోయొద్దని, కట్టుకునే ఆడపిల్లకు మంచిది కాదని మాత్రం అన్నాడు. ఆ కత్తెరతో నడుమ కోసే ధైర్యం నాకూ లేదు. సంఘం చీటీ కుట్టిన మూలన చిన్న ముక్క నమిలించాను.

గంటకు గీత వచ్చింది. రెండు మెట్లు.

మళ్లీ ఒకసారి చూద్దామని నేను నోరు తెరిచేలోపే కార్యదర్శి తన అభిప్రాయాన్ని ముసలాయన చెంప మీద తెలియజేశాడు.

"దొంగ ముసలోడా, సంఘం ఇజ్జత్ తీసినవ్ గదరా."

ముసలాయన కాసేపు ఆలోచించి, గ్యాస్ సిలిండర్ పక్కనున్న స్పానర్ అందుకున్నాడు. కార్యదర్శి ముందుపళ్లు రెండు నా రిజిస్టరు మీద పడ్డాయి. సర్దిచెప్పడానికి నేను మధ్యలోకి వెళ్లాను. నా ముక్కు ఆ నిర్ణయాన్ని ఇంకా క్షమించలేదు. కార్యదర్శి నెత్తురు ఉమ్ముతూ బయటపడి, ఇనుప తలుపును శక్తికొద్దీ లాగి వేశాడు. వెంటపడిన ముసలాయన కుడిచెయ్యి అప్పటికి చౌకట్టు మీదుంది. చప్పుడు పెద్దదేమీ కాదు, ఎండిన జొన్నదంటు విరిచినంత.

యంత్రానికి ఏమీ కాలేదు.

అందరూ దవాఖానకు పోయాక నేల తుడిచి, చీర మడత పెట్టబోతూ ఆ మూల చూశాను. నేను కోసిన చోట చీటీ కుట్లు సగానికి తెగి ఉన్నాయి. ఆ దారం పాలిస్టర్. చీరకు చీటీ కుట్టింది సంఘం వాళ్లే. ఈసారి నడుమ నుంచే ముక్క కోసి కాల్చాను. ఒక్కటే మెట్టు. అచ్చమైన నూలు.

మర్నాడు రెండు గీతలూ పట్టుకుని దవాఖానకు వెళ్లాను. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాను. పేరు కొట్టేయకుండా సంఘానికి నేనే రాసిస్తానన్నాను. మూడు వేళ్లు ఇక వంగవని డాక్టరు అప్పటికే చెప్పి వెళ్లాడట. ముసలాయన ఎడమచేత్తో కాగితాలు తీసుకుని, గీతల వెంట వేలు నడిపించి, తిరిగి నా చేతికిచ్చాడు.

"మిషిన్ మంచిగనే చెప్పింది సారూ. కోసింది నువ్వు."