బిర్యానీ పెట్టాక తిరిగొచ్చిన జబ్బు

సహోదరీ సహోదరులారా, ఒక దుప్పటి ఎంత బరువుంటుందో మీలో చాలామందికి తెలియదు, తెలియనందుకు ముందుగా దేవుణ్ణి స్తుతించండి. నేను మన విశాఖ పోర్టులో టగ్గు మీద పనిచేస్తాను. టగ్గంటే తను చేపపిల్లంత ఉండి, కొండంత ఓడని పక్కనుంచి తోసుకుంటూ తీసుకెళ్ళి జెట్టీకి ఆనించే పడవ. అలాంటి పడవ మీద పెళ్ళికి ముందు నుంచీ తాళ్ళు విసురుతున్న ఈ సుందర్రావు, బొగ్గు ఓడల్నీ ఖనిజం ఓడల్నీ, ఒకసారైతే వన్ టౌన్ మొత్తాన్ని ఆటోలతో సహా ఎక్కించినా ఇంకా చోటు మిగిలే ఓడనీ ఒడ్డుకు చేర్చినవాడు, ఒకరోజు పొద్దున్న తన మీదున్న దుప్పటిని తోసుకోలేకపోయాడు!

జ్వరం లేదు, దగ్గు లేదు, ఒంటి మీద చీమ కుట్టిన గుర్తు కూడా లేదు. నా భార్య మార్తమ్మ చేసే చేపల పులుసు ఘాటుకి ఎదురింటివాళ్ళు కూడా తుమ్ముతారు, అది నా నోటికి సున్నపు నీళ్ళలా తగిలింది. నేను పెట్టే నిట్టూర్పులకి అచ్యుతాపురం ఫ్యాక్టరీల పొగ దారి మార్చుకుందంటే మీరు నమ్మరు, కానీ మా కిటికీ కర్టెన్లు మాత్రం రోజంతా ఎగురుతూనే ఉండేవి. ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు దీన్ని డిప్రెషన్ అంటారని చెప్పారు.

ఆ జబ్బుకున్న గొప్ప గుణం ఏమిటంటే, సహోదరులారా, దానికి అన్నీ తెలుసు. రేపు బాగుండదని తెలుసు, ఎల్లుండి అంతకన్నా బాగుండదని తెలుసు, నువ్వు ఎవరికీ పనికిరావని తెలుసు, చివరికి నువ్వు లేకపోతేనే ఈ ఇల్లు సుఖపడుతుందని కూడా దానికి తెలుసు. ఎక్కడా తడబడదు, నసగదు. మన పాస్టరు గారు క్రిస్మస్ పండుగ రోజున కూడా అంత ధీమాగా ప్రసంగించగా నేను వినలేదు. అదే డాక్టరమ్మ గారిని, ఇది మళ్ళీ వస్తుందా అని అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంత చదువు చదివి, మెడలో గొట్టం వేసుకుని, చెప్పేది ఇదా! నాకు కావలసింది ఖాయమైన మాట.

ఖాయమైన మాట దొరక్కపోయేసరికి నేనే తయారుచేసుకున్నాను. మీ ప్రార్థనల వల్లా, ఆవిడిచ్చిన బిళ్ళల వల్లా కొన్నాళ్ళకి చీకటి పల్చబడింది, పులుసుకి రుచి తిరిగొచ్చింది. ఇంక ఆగుతానా? కృతజ్ఞత కూడిక పెట్టాను. షామియానా వేస్తే దాని నీడలో మా వీధికి సాయంత్రం పెందలాడే వచ్చేసింది. బిర్యానీ దమ్ము మూత తీస్తే ఆ వాసనకి సముద్రంలో లంగరేసి ఉన్న ఓడల్లో వంటవాళ్ళు రాజీనామా చేశారని వదంతి. మైకు పట్టుకుని, ఈ జబ్బు నా జోలికి ఇక రాదు, రాదు, రాదు అని ప్రకటించి, బిళ్ళల డబ్బాని అందరూ చూస్తుండగా ఎంగిలాకుల బుట్టలోకి విసిరాను. మీరందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు మాత్రం కొట్టలేదు. అప్పుడు నేనది గమనించలేదు.

తిరిగొచ్చింది! మీ ఇళ్ళలో ఆ బిర్యానీ కబుర్లు ఇంకా సాగుతుండగానే తిరిగొచ్చింది. ఈసారి దానికి తోడు సిగ్గు కూడా వచ్చింది. తీరిపోయిందని భోజనాలు పెట్టేసిన జబ్బు కోసం మళ్ళీ ప్రార్థించండని ఏ ముఖంతో అడగను? అందుకని ఆదివారం డ్యూటీలు అడిగి మరీ వేయించుకున్నాను. పోర్టు పుట్టినప్పటి నుంచీ ఆదివారం డ్యూటీ కోసం కాళ్ళావేళ్ళా పడినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. టగ్గులో నా జతగాడు అప్పలరాజు. బెస్తవాళ్ళ కుర్రవాడిగా పనిలో చేరి నాతోపాటే జుట్టు నెరిసినవాడు. మన సంఘం మనిషి కాకపోయినా, కూడికలో మూడుసార్లు వడ్డించుకున్నవాడు. వాడు నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బావా, ఆదారం పూట నీ దేవుడికి సెలవిచ్చీసినావేటి?" అన్నాడు. నేను నవ్వాను. నవ్వితే దవడలు నొప్పెట్టాయి.

తర్వాత ఆ డ్యూటీలకి కూడా లేవలేకపోయాను. దుప్పటి మళ్ళీ ఖనిజం ఓడ బరువెక్కింది. మంచం మీద పడుకుని, నేను లేకపోతేనే బాగు అని ఆ జబ్బు చెప్పే ప్రసంగం వింటూ, తల ఊపుతూ ఉండేవాణ్ణి.

అలాంటి ఒక ఉదయం వంటింట్లో కుక్కరు కూత ఆగాక మార్తమ్మ ప్రార్థన వినబడింది. మార్తమ్మది ఎలమంచిలి. ఆమె మెల్లగా మాట్లాడితే నాలుగిళ్ళకి వినబడుతుంది, ప్రార్థిస్తే స్టేషన్లో రైళ్ళు ఆగుతాయి.

"ప్రభువా, ఈ మడిసిని పూర్తిగా బాగు సేత్తావో సెయ్యవో నాకు తెల్దు. అడిగడిగి నా గొంతు పోనాది, నీకూ సెవులు నొప్పెట్టుంటాయి. రేపటి సంగతి నీకాడే ఉంచు. ఇయ్యాళ మాత్రం లెగిసి తానం సేసేలాగ సూడు తండ్రీ. కంపు కొట్టీత్తన్నాడు. ఆమేన్."

సహోదరులారా, నాకు నవ్వొచ్చింది. నెలల తరబడి రాని నవ్వు, టగ్గు హారన్ లాగ బొంగురుగా వచ్చింది. ఆ నవ్వు వెనకే ఒక ఆలోచన వచ్చింది, అది నా తెలివి కాదని ప్రమాణం చేసి చెబుతాను. మార్తమ్మకి తెలియదట! ఇంత విశ్వాసం ఉన్న మనిషికే రేపటి సంగతి తెలియకపోతే, ఈ జబ్బుకి మాత్రం ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్ళూ అది తెలిసినట్టు మాట్లాడిందంతే. దానికీ తెలియకపోవచ్చు! ఆ 'తెలియకపోవచ్చు' అన్నది మూసిన గదిలో తలుపు సందులాగ కనబడింది.

లేచాను. చీకటి పటాపంచలు కాలేదు, ఆకాశం తెరుచుకోలేదు. మొదటి చెంబు నీళ్ళు మేఘాద్రిగెడ్డ రిజర్వాయరంత బరువున్నాయి, రెండోది కాస్త తగ్గింది. తడి తలతోనే వంటింట్లోకి వెళ్ళి, నేను లేకపోతేనే మీరు సుఖపడతారని నా మనసు చెబుతోందని మార్తమ్మతో చెప్పేశాను. అంతవరకూ ఆ మాట దేవుడితో కూడా చెప్పలేదు. ఆమె పొయ్యి కట్టేసింది. నా తల తన కొంగుతో తుడిచింది, తుడుస్తూనే ఉంది, తల ఆరిపోయాక కూడా. ఆ తర్వాత అప్పలరాజుకి ఫోను చేసింది.

వాడు స్కూటరు మీద వచ్చాడు. వెనక నుంచి జారిపోకుండా నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నా వెనక మార్తమ్మని ఎక్కించాడు. ఆ స్కూటరు పడ్డ కష్టం గురించి వేరే సాక్ష్యం రాయాలి. "నీ దేవుడు సూసుకుంటాడులే బావా, ఆస్పత్రి దాకా బండి మాత్రం నాను తోల్తాను," అన్నాడు.

డాక్టరమ్మ గారు నన్ను తిట్టలేదు. చెప్పకుండా బిళ్ళలు మానెయ్యకూడదని, అలాంటి ఆలోచన మళ్ళీ వస్తే ఏ గంటకైనా సరే ఇంట్లోవాళ్ళకి చెప్పి వెంటనే రావాలని చెప్పారు. మళ్ళీ వస్తుందా అని నేను మళ్ళీ అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు అని ఆవిడ మళ్ళీ అన్నారు. అప్పుడు ఒళ్ళు మండించిన ఆ మాట ఈసారి చెవికి ఎంత తియ్యగా ఉందో! అందులో రాకపోవచ్చు అన్నది కూడా ఉందని మొదటిసారి నా చెవికెక్కలేదు. ఆ సాయంత్రం నేను చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, రేపు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నీకు తెలుసు, నాకు చెప్పనక్కరలేదు. ఇవాళ్టికి నా పక్కన కూర్చో."

ఆయన కూర్చున్నాడు. దేవునికే మహిమ!

పాస్టరు గారు మా ఇంటికి వచ్చి, ఆదివారం మందిరానికి రమ్మన్నారు. బిర్యానీ తిన్న జనం ముందుకి బిళ్ళల డబ్బాతో ఎలా రమ్మంటారని అడిగాను. ఆయన జేబులోంచి తను రోజూ వేసుకునే షుగరు జబ్బు బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుని, "నాది తెలుపు. నీదేం రంగు సుందర్రావూ?" అన్నారు. పసుపండీ అన్నాను. మార్తమ్మని రెండు గ్లాసుల నీళ్ళు అడిగారు. ఇద్దరం కలిసి వేసుకున్నాం. అంతకన్నా మంచి ప్రసంగం ఆయన చెయ్యలేదు, చెయ్యలేరు కూడా.

పోయిన ఆదివారం నేను మీ ముందు నిలబడి, తిరిగొచ్చింది, మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అని చెప్పినప్పుడు చప్పట్లు లేవు. కానీ కూడిక అయ్యాక, మా ఇంట్లో కూడా ఒకరున్నారని నా చెవిలో చెప్పడానికి మీలో ఎంతమంది నిలబడ్డారో! ఆ వరస బీచ్ రోడ్డు దాకా ఉందంటే అబద్ధం, గేటు దాకా ఉందంటే నిజం. ఈసారి అందరికీ ఉప్మా పెట్టాం. అప్పలరాజు వచ్చి, "ఏటి బావా, పూర్తిగా బాగవ్వనేదని ఉప్మాతో సరిపెట్టీసినావా?" అని సణిగి రెండోసారి వడ్డించుకున్నాడు.

ఇప్పుడు కొన్ని పొద్దులు తేలిక, కొన్ని బరువు. బయట సముద్రంలో లంగరేసుకుని నిలబడ్డ ఓడల్ని రోజూ చూస్తాను. పోర్టు లోపలికి పిలుపు ఎప్పుడొస్తుందో వాటికి తెలియదు, అయినా పూటపూటకీ వాటిలో వంట జరుగుతూనే ఉంటుంది. నేనూ అంతే, ఈ పూటకి స్నానం, ఈ పూటకి బిళ్ళ, ఈ పూటకి ప్రార్థన. ఈ పూటని ఇచ్చినందుకు ఆయనకి నా నిండు వందనాలు.

చివరిగా ఒక్క మనవి. మూడో వరసలో ఫ్యాను కింద నా కుర్చీ ఖాళీగా కనబడితే, డ్యూటీలో ఉన్నాడనుకోకండి. వచ్చి మా తలుపు కొట్టండి, దుప్పటి లాగండి. మీ ఇంట్లో ఎవరైనా దుప్పటి కింద ఉండిపోతే నాకు కబురు పెట్టండి. రేపు బాగుంటుందని నేను వాళ్ళకి ఖాయంగా చెప్పలేను. రేపటిని ఎరిగిన దేవుణ్ణి నమ్ముకుని వచ్చి, పక్కన కూర్చుంటాను. తాడు విసరడం నాకు వచ్చిన పని. అవతల వేలి కొనతో పట్టుకున్నా చాలు, మెల్లగా ఒడ్డుకి తెచ్చుకుందాం.