పెన్సిలు మింగిన పచ్చబొట్టు

ఫోటో అబద్ధం చెప్పదని మనవాళ్లకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆదోనిలో జమ్రుద్‌బీ చాలా ఏళ్లు బతుకు వెళ్లదీసింది. ఆమె అన్న సిరాజుద్దీన్‌కు రైల్వేస్టేషన్ దారిలో ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో అన్న ఫోటోలు తీసేవాడు. పరదా వెనక గదిలో, కిటికీ పక్కన కూర్చుని చెల్లెలు ఆ ముఖాలను బాగుచేసేది. అమ్మవారు పోసిన మచ్చలు, మొటిమలు, కళ్ల కింది నలుపు, అన్నీ ఆమె పెన్సిలు కింద మాయమయ్యేవి. ఫోటో చూసి మురిసిపోయి, తీరా పిల్లను చూశాక నోరెళ్లబెట్టిన పెళ్లికొడుకులు ఎమ్మిగనూరు దాకా ఉన్నారని చెప్పుకుంటారు. ఆ పాపంలో సగం జమ్రుద్‌బీదే.

ఆమె పని ఫోటో మీద కాదు, ఫిల్ము మీద. ఫిల్ములో అంతా తలకిందులు. నల్ల జుట్టు తెల్లగా, తెల్ల చొక్కా నల్లగా ఉంటాయి. ముఖం మీది మచ్చ అక్కడ తెల్లటి చుక్కై కనిపిస్తుంది. ఆ చుక్కను పెన్సిలుతో పూడిస్తే కాగితం మీద చర్మం నున్నగా దిగుతుంది. నలుపు పూసి తెలుపు తెప్పించే పని అన్నమాట. దీనికి మెత్తటి పెన్సిలు పనికిరాదు. అది ఫిల్ము మీద ముద్దగా పేరుకుంటే ఫోటోలో బుగ్గ మీద సున్నం పడ్డట్టుంటుంది. అందుకని బుగ్గలకు టూ హెచ్, కంటి కింద త్రీ హెచ్ అనే గట్టి పెన్సిళ్లు వాడేది. సిరాజుద్దీన్ వాటిని బళ్లారి నుంచి తెచ్చేవాడు. ఫిల్ముకు ముందుగా టర్పెంటైన్‌లో కరిగించిన జిగురు పల్చగా రుద్దాలి, లేకపోతే పెన్సిలు జారిపోతుంది. పెన్సిలు ముక్కును గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, ఊపిరి బిగబట్టి, కామాల్లాంటి చిన్న చిన్న గీతలు పెట్టాలి. చేతి బరువు పడితే గీరుకుపోతుంది.

పడుతుందేమోనని ఆమెకు ఎప్పుడూ భయమే. భర్త పోయి అన్న పంచన చేరిన మనిషి. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అయినా పని చెడితే తన చోటు కూడా చెడుతుందని లోపల ఒక బెంగ. పెన్సిలు ముక్కు విరిగితే కంగారు, విరగకపోతే మరీ పదునెక్కిందేమోనని కంగారు.

"నీ చెయ్యి కన్నా నీ గుండెకాయే ఎక్కువ పని చేస్తాంది గదా!" అని అన్న ఎగతాళి చేసేవాడు.

డెబ్బై ఆరులో, వానలు ఇంకా తగ్గని రోజుల్లో, గోనెగండ్ల పక్క పల్లె నుంచి గోవిందన్న అనే రైతు వచ్చాడు. రెండేళ్ల కింద ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చినప్పుడు అతని భార్య మద్దమ్మ పట్టుబట్టి ఇక్కడ ఫోటో తీయించుకుంది. మళ్లీ వచ్చి దాన్ని తీసుకుపోవడానికి తీరిక చిక్కలేదు, కాబట్టి ఆ ఫోటో కాగితం మీదికి దిగనేలేదు. ఇప్పుడామె జ్వరంతో పోయింది. దినాల నాటికి ఫోటో కావాలి. ఆమె రూపం ఈ లోకంలో ఎక్కడైనా మిగిలి ఉంటే అది సిరాజుద్దీన్ పెట్టెలోని ఫిల్ము ముక్కలోనే.

వెతగ్గా వెతగ్గా దొరికింది. చెమ్మ తగిలి ఫిల్ము మీది పొర అక్కడక్కడ ఉబ్బింది గానీ ముఖం నిలిచి ఉంది. జమ్రుద్‌బీ జాలిపడి ప్రాణం పెట్టి చేసింది. కళ్ల కింది గుంటలు పూడ్చింది, నుదుటి ముడతలు తీసేసింది. గడ్డం మీద ఒక తెల్లటి చుక్క కనిపిస్తే దుమ్ము పడిందనుకుని దాన్నీ పూడ్చేసింది. పరదా దాటని మనిషి కాబట్టి మద్దమ్మను ఆమె ఎన్నడూ చూడలేదు.

దినాల ముందురోజు మధ్యాహ్నం గోవిందన్న చిన్న కూతురు ఈరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల ఫోటో చూసి మొహం తిప్పుకుంది.

"ఈమె మా యమ్మ కాదు."

"మీ యమ్మే తల్లీ, సరిగ్గా సూడు," అన్నాడు సిరాజుద్దీన్.

గోవిందన్న ఫోటోను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "పోలిక ఉండాది సాయిబూ. అయినా మా మనిషి మాదిరి లేదు. గదవ మీద పచ్చబొట్టు యాడ పాయె? మనిషిని తీస్కపోయేటప్పుడు ముక్కుపుడక, మెట్టెలు అన్నీ తీసి పెడ్తిమి. పచ్చబొట్టొకటే తీసేకి రాకుంటే దాంతోనే పాయె. దాన్ని మీరు తీసేస్తిరే!"

పరదా వెనక జమ్రుద్‌బీకి అప్పుడు అర్థమైంది. గడ్డం మీద తాను పూడ్చిన ఆ చుక్క దుమ్ము కాదు.

సిరాజుద్దీన్ తెలివైనవాడు. మెత్తటి టూ బి పెన్సిలు తీసి, "దానికేముందప్పా, ఫోటో మీదనే పెట్టిస్తా. యాడ ఉండె, సెప్పు," అన్నాడు.

"ఈడ," అని గోవిందన్న ఎడమపక్క చూపించాడు.

"కాదు నాయనా, నడుమ ఉండె," అంది ఈరమ్మ.

"నడుమనా?" గోవిందన్న చెయ్యి ఆగిపోయింది. "దినామూ సూసిన మొగమే గదా సాయిబూ. ఇప్పుడు యాడో తెలీకపాయె."

ఆ మాట జమ్రుద్‌బీ గుండెలో గుచ్చుకుంది. పరదా తొలగించి ముందుకు వచ్చింది. "పెట్టొద్దు భాయ్. యాడ ఉండెనో ఫిల్ముకే తెలుసు. నా పెన్సిలు తుడిచేస్తా."

సిరాజుద్దీన్ ఆమె వెంట లోపలి గదిలోకి వచ్చి గొంతు తగ్గించాడు. "పొర ఉబ్బి ఉండాది. దూదితో పాటే లేసొస్తే మొగమే మిగలదు. తెలుసు గదా?"

తెలుసు. తెలిసే దూది తీసుకుంది. మబ్బు కమ్మి కిటికీలో వెలుతురు తగ్గుతోంది. బయట ఆ తండ్రీకూతుళ్లు సాయంత్రం బస్సు కోసం గడియారం వంక చూస్తున్నారు. దూదిని టర్పెంటైన్‌లో ముంచి, పిండి, ముందు నుదురు తుడిచింది. ముడతలు తిరిగొచ్చాయి. కళ్ల కింద తుడిచింది. ఎండలో ఏళ్ల తరబడి పత్తి ఏరిన మనిషి అలసట అంతా బయటపడింది. ఇక గడ్డం మిగిలింది. ఒకసారి దూది పక్కన పెట్టి, అల్లాను తలుచుకుని మళ్లీ తీసుకుంది. మెల్లగా అద్దింది. పెన్సిలు కరిగింది. ఒక్క క్షణం తెల్లటి చుక్క కనిపించినట్టే ఉంది. మరుక్షణం ఆవగింజంత పొర లేచి దూదికి అంటుకుని వచ్చింది.

ఆమె దూదిని బల్ల మీద పెట్టేసింది. ఉన్న ఒక్క గుర్తును రెండోసారి తానే చెరిపింది. అన్న ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాడు. పొర లేచిన చోట అద్దంలా ఖాళీగా ఉంది, కొంచెం వాలుగా, ఒక కొన తెగినట్టు. ఖాళీ గుండా వెలుతురు పూర్తిగా పోతుంది కాబట్టి కాగితం మీద అది నల్లగా దిగుతుంది.

"నోరు మూసుకో," అన్నాడు మెల్లగా, చీకటి గదిలోకి పోతూ.

తడి ఆరీ ఆరని ఫోటోను గోవిందన్న రెండు చేతులతో అందుకున్నాడు. పిల్ల ఆ నల్ల చుక్క దగ్గర వేలు పెట్టి, "మా యమ్మ!" అంది. గోవిందన్న తలపాగా విప్పి ముఖం కప్పుకుని బావురుమన్నాడు. "ఇదే సాయిబూ, ఇదే మా మద్ది," అన్నాడు. పరదా వెనక జమ్రుద్‌బీ కూడా ఏడ్చింది, కానీ ఆ ఏడుపు వేరు.

ఆ తర్వాత గోనెగండ్ల పేరు వినిపిస్తే చాలు, ఆమె పరదాను ఇంకా దగ్గరికి లాక్కునేది. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఆ ఫోటో పట్టుకొచ్చి, ఇది పచ్చబొట్టు కాదు, చినుగు అంటారని భయం. పడుకుంటే కళ్ల ముందు దూది కనిపించేది. ఎవరూ రాలేదు. రాకపోయినా భయం తగ్గలేదు. అప్పటినుంచి ఫిల్ము పట్టుకోగానే, "ఈమెకు పచ్చబొట్టు ఉందా భాయ్?" అని అడగడం అలవాటైంది. అన్న విసుక్కునేవాడు.

ఎనభై ఏడులో కృష్ణగిరి నుంచి కొత్త దంపతులు వచ్చారు. పెళ్లికూతురు నేరుగా పరదా దగ్గరికి వచ్చి తొంగిచూసింది.

"బీబమ్మా, గుర్తు పడ్తివా? నేను గోవిందన్న కూతురు ఈరమ్మను."

రానే వచ్చిందనుకుంది జమ్రుద్‌బీ. తలెత్తి చూస్తే ఆ పిల్ల గడ్డం మీద పచ్చబొట్టు ఉంది, కొంచెం వాలుగా, ఒక కొన తెగినట్టు.

"మా యమ్మ ఫోటో సూపిచ్చి పొడిపిచ్చుకుంటి," అని ఈరమ్మ నవ్వింది. "పొడిసే ఆమె గుండ్రంగా పెడ్తానంటే వద్దంటి. మా యమ్మది ఇట్లనే ఉండె గదా?"

కాదని చెప్పగల మనిషి లోకంలో ఎవరైనా ఉంటే అది జమ్రుద్‌బీ. కానీ ఏది నిజమో ఆమెకూ తెలియదు.

"ఇట్లనే ఉండె తల్లీ," అంది.

మర్నాడు ఆ ఫిల్ము బల్ల మీదికి వచ్చింది. బుగ్గ మీద ఒక మొటిమ ఉంటే టూ హెచ్‌తో పూడ్చింది. తర్వాత గడ్డం దగ్గరికి వచ్చి, వాలుగా ఉన్న ఆ చిన్న తెల్ల చుక్కను చాలాసేపు చూసింది. పెన్సిలు డబ్బాలో పెట్టి మూత వేసింది.