తాళం లేని పాటకు నేను వేసిన తాళం

అప్పట్లో లెక్కకు అందనిది ఏదైనా ఉందంటే, దాన్ని ఇంకా ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదని నమ్మేవాణ్ణి. (చదువు మధ్యలో ఆపి లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాడికి ఆ పొగరు కాస్త ఎక్కువే.) తొంభైల మొదట్లో ఫిల్మ్ నగర్‌లో ఒక ఎడిటింగ్ గదిలో రీళ్ళ నిడివి కొలిచే పని నాది. సాయంత్రాలు వెంగళరావు నగర్‌లో మా చర్చి ముసలి ఫాదర్ గారి దగ్గర నలుగురం వందల ఏళ్ళనాటి లాటిన్ ప్రార్థన గీతాలు నేర్చుకునేవాళ్ళం. వాటికి తాళం ఉండదు. మాట ఎంతసేపో, ఊపిరి ఎంతసేపో పాటా అంతసేపే. "లెక్కపెట్టకురా, ఊపిరి విను," అనేవారాయన. నేను మాత్రం తొడ మీద వేళ్ళతో దొంగచాటుగా లెక్క వేసుకునేవాణ్ణి.

తాను పోయేలోగా ఆ పాటలు ఒక క్యాసెట్‌లోకి ఎక్కాలని ఫాదర్ గారి కోరిక. మా ఎడిటింగ్ గదికి వచ్చే ఒక సినిమా నిర్మాతను బతిమాలింది నేనే. "ముందు మా ఇంట్లో పాడండి, అమ్మ వింటుంది. నచ్చితే రికార్డింగ్ ఖర్చు నాదండీ," అన్నాడాయన.

జూబ్లీ హిల్స్‌లో ఆయన హాలు. ఫాదర్ గారు కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నారు, మేం అందుకున్నాం. కంగారులో నా చెయ్యి తొడ మీద పైకే వినబడేలా తాళం వేయసాగింది. గుమ్మంలో నిలబడ్డ డ్రైవర్ అది చూసి, "గట్ల చెప్పుండ్రి మరి, గిది మాకు గూడ ఒస్తది!" అంటూ చప్పట్లు మొదలుపెట్టాడు. (శనివారం భజనల్లో ఆయనే ముందుండేవాడట.) పనివాళ్ళు కలిశారు. నిర్మాత తల్లిగారు దేవుడి గదిలోంచి తాళాలు పట్టుకొచ్చారు. భజన అన్నాక వేగం పెరగాలి కదా, పెరిగింది. మేమూ దాని వెంట పరుగెత్తాం. ఫాదర్ గారు పాడడం ఆపి, కళ్ళు తెరిచి, అందరినీ వదిలి నా చేతి వైపు చూశారు.

"అదిరిందండీ ఫాదర్ గారూ! రేపే రికార్డింగ్. ఆ చప్పట్లు మాత్రం తీసెయ్యకండి," అన్నాడు నిర్మాత.

"అవి లేకుండా అయితే పాడతాం బాబూ," అన్నారు ఫాదర్ గారు.

"అవి లేకపోతే ఎవరు వింటారండీ?"

క్యాసెట్ అక్కడే ఆగిపోయింది. తిరుగు బస్సులో నేను తల ఎత్తలేదు. చివరికి ఆయనే, "లాటిన్ పాట చేత భజన చేయించిన మొనగాడివి నువ్వేరా," అని నవ్వారు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి, వేళ్ళు కదలకుండా, చేతులు జోడించి పాడమన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ గొంతు ఏ క్యాసెట్‌లోనూ లేదు. ఇప్పుడు ఆ పాటలు పిల్లలకు నేను నేర్పుతున్నాను, చేతులు జోడించే. "అంకుల్‌కి ఎంత భక్తో," అనుకుంటారు వాళ్ళు. నేను కాదనను. జోడించిన అరచేతుల చాటున చిటికెన వేలు మాత్రం ఇంకా లెక్కపెడుతూనే ఉంటుంది.