అంతటా జర్మన్లే!

అమెరికాలో పుట్టిన మోర్మన్ మతశాఖ చరిత్ర మీద నేనూ, పుంగనూరులో చరిత్ర లెక్చరరు రెడ్డెప్పా ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నాం. నిరుడు ఆయన చనిపోయాడు. ఆ ఉత్తరాలను పుస్తకంగా వేద్దామని మదనపల్లెలో డీటీపీకి ఇచ్చాను. ఈ రోజు ప్రూఫు చూస్తే అంతటా 'జర్మన్లు'!

"ఏందప్పా ఇది?" అన్నాను.

"అంతా 'మోర్మన్లు' అని తప్పు పడిండాది సార్. నేనే దిద్దేసినా. అట్లాంటోళ్లు యాడుండారు?" అన్నాడు ఆపరేటరు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

మళ్లీ మార్చడం నిమిషం పనే. కానీ ఆ మాట తెలిసినవాళ్లం ఈ చుట్టుపక్కల ఇద్దరమే ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కడినే. మీలో ఎవరికైనా తెలిసుంటే, దయచేసి ఒక ఉత్తరం ముక్క రాయండి.